కొప్పెర కింది ముఖం

మొన్న గద్వాల నుంచి వనపర్తికి వస్తుంటే బస్సులో నా ముందు సీటు పోరగాళ్లిద్దరు కొట్టుకునేంత పని చేశారు. ఆస్తి గురించి కాదు, అమ్మాయి గురించీ కాదు. నల్లగొంగడి గురించి. ఒకడి చేతిలో ఫోను, ఆ ఫోనులో మేం తీసిన చిన్న బొమ్మల సినిమా.

"ముఖం లేనోడే అసలు నల్లగొంగడి. ముఖం పెట్టినంక అందరి లెక్కనే వాడు గూడ ఒక హీరో," అన్నాడు ఫోను పట్టుకున్నవాడు.

"ముఖం లేకపోతే హీరో ఏందిరా, దిష్టిబొమ్మ అయితడు," అన్నాడు పక్కవాడు.

"మరి గీ సినిమాల ముఖం సూపెట్టి మల్ల ఎందుకు కప్పిండ్రు? గది ఏ పుస్తకంల ఉన్నది చెప్పు?"

పెబ్బేరు దాటేదాకా తేలలేదు. నాకు నోరు ఊరుకోవడం లేదు. అది ఏ పుస్తకంలోనూ లేదు నాయనా, అది మా కాకాది అని చెప్పాలనిపించింది. చెబితే కాకా ఎవరని అడుగుతారు. అది బస్సు దిగేలోపు తెమిలే సంగతి కాదు.

కాకా పోయిన వానాకాలం చనిపోయాడు. పేరు రాయను. పేరు బయట కనబడడం ఆయనకు గిట్టేది కాదు. వనపర్తిలో ఆయనకు టెంట్ హౌజ్ ఉండేది, దాని బోర్డు మీద కూడా పేరు లేదు. పెళ్లికీ ఆయన షామియానాయే, చావుకూ ఆయన షామియానాయే. ఆయన చచ్చిపోయినప్పుడు మాత్రం పక్క వీధి టెంట్ హౌజ్ వాళ్లు వచ్చి వేశారు. తాళ్లు సరిగా కట్టలేదు, ఉంటే తిట్టేవాడు. నాది ఫ్లెక్సీల షాపు కాబట్టి సంతాపం ఫ్లెక్సీ నా మీద పడింది. ఇల్లంతా వెతికితే ఆధార్ కార్డు మీద తప్ప ఆయన ఫోటో దొరకలేదు. ఆధార్ ఫోటో సంగతి తెలిసిందే, అది ఎవరిదైనా కావచ్చు. నాకు ఏడుపూ నవ్వూ ఒక్కసారే వచ్చాయి.

మనిషి ముఖం చూసి మాట్లాడే అలవాటు ఆయనకు లేదు. మనం ఎదురుగా ఉంటే మన భుజం వైపో కాళ్ల వైపో చూసేవాడు. నడకను బట్టి గుర్తుపట్టేవాడు. నేను కొత్త చెప్పులు వేసుకుని వెళ్తే "ఎవ్వలు?" అని అడిగాడొకసారి, నా ముందే నిలబడి. చావు ఇండ్లకు ఏళ్ల తరబడి టెంటు వేసినవాడు, ఒక్క పీనుగ ముఖం కూడా చూడలేదు. శవానికి వీపు పెట్టి తాళ్లు కట్టేవాడు. పెద్దమనుషులు "ఆఖరి సూపు సూసుకునేటోళ్లు రాండ్రి" అని పిలవగానే, కుర్చీలు సర్దే నెపంతో వీధి చివరికి వెళ్లిపోయేవాడు. సొంత మేనమామ పోయినప్పుడూ అంతే. జనం పొగరనుకున్నారు. నేనూ కొన్నాళ్లు అలాగే అనుకున్నాను.

ఇక నల్లగొంగడి. మేం పుట్టకముందు నుంచి మా చిన్నప్పటిదాకా ఒక పిల్లల మాసపత్రికలో వచ్చిన బొమ్మల కథ అది. గొర్రెల కాపరి గొంగడి కప్పుకుంటే ఎవరికీ కనబడడు. కష్టంలో ఉన్నవాళ్ల దగ్గరికి మట్టి మీద అడుగులు మాత్రం పడుతూ వస్తాయి. మొదట బొమ్మలేసినాయన వాడికి ముఖం గీయలేదు. గొంగడి మూల మడిచి తల మీదికి వేసుకుంటే దాన్ని మా దగ్గర కొప్పెర అంటారు. ఆ కొప్పెర కింద అంతా నలుపే. ఆయన తర్వాత వచ్చిన చిత్రకారుడు వాడికి కోరమీసం, కండలు, మెరిసే కండ్లు ఇచ్చి, గొంగడిని రెక్కలు చేసి ఆకాశంలో ఎగరేశాడు. అమ్మకాలు పెరిగాయట. పత్రిక మూతపడి చాలా కాలమైంది గానీ మొదటి నల్లగొంగడి అసలా, రెండోవాడు అసలా అన్న పంచాయితీ మాత్రం మూతపడలేదు.

వనపర్తిలో, నాగర్‌కర్నూల్‌లో, అచ్చంపేటలో మాలాంటి తిక్కవాళ్లు కొందరు ఫోన్ల గ్రూపులో కలిసి, నల్లగొంగడిని బొమ్మల సినిమాగా తీద్దామనుకున్నాం. మొదట బొమ్మలేసినాయన కొడుకు ఫోన్లో సరే అన్నాడు. బొమ్మలు గీసి కదిలించే పని నస్రీన్‌ది. గద్వాల పిల్ల, పెళ్లి పత్రికల వీడియోలు చేస్తుంది, చెయ్యి చాలా మంచిది. ముఖం ఉండి తీరాలనే పార్టీకి నాయకుడు రవీందర్, ఎల్‌ఐసీ ఏజెంటు, ఎవరినైనా మాటలతో పడగొడతాడు. ముఖం వద్దనే పార్టీకి కాకాయే నాయకుడు, మా అందరికంటే ఇరవై ఏండ్లు పెద్ద. కలిసేది ఆదివారం పొద్దున, కాకా గోదాంలో. పేర్చిన కుర్చీలు, బోర్లించిన డేగిశాలు, మడిచిన షామియానాలు, వాటి మధ్య మేము.

"ముఖం లేకపోతే పోరలు ఎవ్వలిని సూసి ఇష్టపడాలె కాకా?" అని రవీందర్ అడిగేవాడు.

"ముఖం పెడితే మనిషైతడు," అనేవాడు కాకా, వాడి మోకాళ్ల వైపు చూస్తూ. "మనిషైతే సస్తడు."

ఈ మాట ఎన్నిసార్లు అన్నాడో లెక్కలేదు. మొదట్లో చప్పట్లు కొట్టాం, పంచ్ డైలాగ్ అనుకుని.

ఒకరోజు నస్రీన్ పాత సంచికలు కావాలని అడిగితే కాకా రేకు పెట్టె తెచ్చి ఆమె ముందు పెట్టి చాయ్ చెప్పడానికి వెళ్లాడు. మొదటి చిత్రకారుడి సంచికలు కొత్తవాటిలా ఉన్నాయి. రెండోవి తెరిచిన నస్రీన్ చేతులు ఆగిపోయాయి. ప్రతి బొమ్మలో నల్లగొంగడి ముఖం చెరిపేసి ఉంది. కలంతో కొట్టేయడం కాదు. తడి వేలితో రుద్ది రుద్ది కాగితం నూగు లేచేదాకా అరగదీశాడు. కొన్నిచోట్ల కాగితం చిరిగి రంధ్రం పడి, ముఖం ఉండాల్సిన చోట కింది పేజీలోని ఆకాశమో చెట్టో కనబడుతోంది. పేజీ తర్వాత పేజీ, సంచిక తర్వాత సంచిక.

"అన్నా, నాకు భయమైతుంది," అంది నస్రీన్ మెల్లగా. నాకూ అయింది. దయ్యాల మీద నాకు నమ్మకం లేదు, కరెంటు పోయినప్పుడు తప్ప. ఆ పూట కరెంటు ఉంది.

అసలు సంగతి నాకు బిజినేపల్లి వైపు ఒక బీడు పొలంలో తెలిసింది. అక్కడేదో ఫంక్షన్‌కు టెంటు వేయాలి, నా ఫ్లెక్సీ కూడా కట్టాలి, ఇద్దరం ఆయన ట్రాలీ ఆటోలోనే వెళ్లాం. నడి ఎండాకాలం, మిట్టమధ్యాహ్నం. చుట్టూ పిట్ట కూడా లేదు. పెళ్లిళ్లలో పెద్దలకు పరచడానికి గొంగళ్లు కూడా అద్దెకిస్తాడాయన. కొత్త గొంగడి, చింతగింజల గంజి పట్టించింది, అట్టలా బిర్రుగా ఉంటుంది. దాన్ని కొప్పెరలా మడిచి ఒక గుంజ మీద వేశాడు. అది జారలేదు. భుజాలున్న మనిషిలాగా నిలబడింది. కాకా గ్లాసులో నీళ్లు పోసి దాని కింద పెట్టాడు.

"ఎవ్వలికి కాకా?" అన్నాను.

"దూపైతది గదా," అన్నాడు, అదేదో అడగాల్సిన ప్రశ్నే కానట్టు.

నాలుగు మూలలా తాళ్లు కట్టి వచ్చేసరికి గ్లాసు ఖాళీగా ఉంది. ఆవిరైందనుకున్నాను. గ్లాసెడు నీళ్లు అంత తొందరగా ఆవిరి కావని నాకూ తెలుసు. కాకి తాగి ఉంటుందనుకున్నాను. కాకి గ్లాసును పడేయకుండా అడుగుదాకా ఎట్లా తాగుతుందో తెలియదు. చుట్టూ చూశాను. కాకా అప్పుడు నవ్వి, ఆటో నీడలో కూచుని, తనంత తానే చెప్పాడు.

"నాకు నాలుగేండ్లో అయిదేండ్లో ఉంటయి. డ్యాం పనికి కూలోళ్లను తోల్కపోను గుంపు మేస్త్రి లారీ తెచ్చిండు. వాన కొడ్తుండె. మా నాయిన గొంగడి కొప్పెర పెట్టుకోని ఎక్కిండు. నేను నాయినా అని ఒర్రిన. ఇటు తిర్గిండు. కొప్పెర కింద అంతా సీకటి. ముఖం ఆనలే. గంతే, మల్ల రాలే."

"ఏమైందట?"

"ఒక్కొక్కడు ఒక్కో తీరు చెప్పిండు. జరమొచ్చి పోయిండని ఒకడు. ఇంకో డ్యాం పనికి పోయిండని ఒకడు. రైల్ టేషన్ల సూసిన అని ఇంకొకడు. మీ నల్లగొంగడికి రెండే వర్షన్లు. మా నాయినకు మస్తున్నయి." నవ్వాడు మళ్లీ. "బడిల ఉన్నప్పుడు గా పుస్తకం దొరికింది. తెరిస్తే మా నాయినే. గదే వాన, గదే కొప్పెర, గదే సీకటి. ఎవ్వలో మా నాయినను సూసి గీసిండనుకుంటి."

ఆయన గుంజ మీది గొంగడి వైపు చూస్తూ చెప్పుకుంటూ పోయాడు.

"నన్ను గన్న అవ్వ ఇయ్యాల్టికి గూడ బొట్టు తీయలే. దినాలు చేద్దామని పెద్దమనుషులు ఎన్నోసార్లు కూసున్నరు. ముఖం సూసినోడు ఒక్కడొచ్చి చెప్పుండ్రి, అప్పుడు తీస్త అన్నది. ఎవ్వడు చెప్పలే. నాకా, ముఖమే యాది లేదు. ఇప్పుడు మీరు గా కొప్పెర ఎత్తి ముఖం పెడ్తరు. నేను సూస్త. సూసినంక నేను పోయి అవ్వకు చెప్పాలె గదా?"

"అది బొమ్మ కాకా."

"నీకు బొమ్మ," అన్నాడు.

ఈ పెద్దమనిషి మాతో గొడవపడుతున్నది బొమ్మల కథ గురించి కాదు. ముఖం కనబడనంత కాలం వాళ్ల నాయన చావలేదు. కనబడితే ఆ రోజుతో సరి. ఆయనకది నమ్మకమా, తిక్కా అని నేను తేల్చుకోలేదు. జాలి మాత్రం కలిగింది, చాలా.

గ్రూపులో ఓట్లు పెట్టినప్పుడు ముఖం పార్టీయే గెలిచింది. మొదట కొప్పెర, చివర్లో ముఖం, రెండు వర్షన్ల వాళ్లకూ న్యాయం అని రవీందర్ తీర్పు. ఎదురు ఓటు వేసిన నేను ఓడినవాడిలా కాకా దగ్గరికెళ్లి చెప్పాను. ఆయన కోపం చేయలేదు. షామియానా మడుస్తూ మడుస్తూ ఆగాడు.

"ఎన్నేండ్లని ఆపాలె," అన్నాడు. "నా గోదాంలనే ఆడియ్యిండ్రి. నేను సూసేదాక బయట వద్దు."

అప్పుడు నస్రీన్‌కు కష్టం మొదలైంది. రెండో చిత్రకారుడి అనుమతి మా దగ్గర లేదు కాబట్టి ఆయన గీసిన ముఖం వాడుకోవడానికి లేదు, కొత్తది కావాలి. గీస్తుంది, చెరుపుతుంది. చివరికి ఒకరోజు ఫోను చేసింది. "ముఖం వచ్చింది అన్నా. కానీ ముసలోడి ముఖమొచ్చింది. చిన్నగ చేద్దామని మస్తు చూసిన, కండ్లు కుదుర్తలెవ్వు. చెయ్యే అటు పోతుంది." రవీందర్ మండిపడ్డాడు, ముసలి హీరో ఏందని. టైం లేక అదే ఉంచేశాం. నేనా ముఖం ముందే చూడలేదు. ఏదో ముసలాయన అన్నారు, సరే అన్నాను.

ఆ ఆదివారం గోదాం షట్టర్లు దించేశాం. బయట పట్టపగలు, లోపల చీకటి. పెళ్లి పందిట్లో వాడే తెల్లబట్టను తాడుకు కట్టి తెర చేశాడు కాకా. శబ్దం వినబడదని ఫ్యాన్లు ఆపాం. ఉక్కపోతకు అందరి చొక్కాలూ తడిసిపోయాయి. కాకా వెనకాల చివరి వరుసలో కూచున్నాడు.

సినిమాలో బావిలో పడ్డ పాపను తేవడానికి నల్లగొంగడి దిగుతాడు. నీళ్ల చప్పుడు. మట్టి మీద అడుగులు పైకి వస్తాయి. పాపను ఒడ్డున కూచోబెట్టి, వాడు మన వైపు తిరుగుతాడు. చెయ్యి పైకెత్తి కొప్పెర వెనక్కి తీస్తాడు.

"ఆపుర్రి," అని వెనకనుంచి వినబడింది. నస్రీన్ ఆపింది. ముఖం తెరమీద నిలిచిపోయింది. నెరిసిన తల, లోపలికి పోయిన బుగ్గలు, తెల్లటి మీసం. కాకా కుర్చీల మధ్యనుంచి నడుచుకుంటూ వచ్చాడు. తెరకూ ప్రొజెక్టరుకూ నడుమ నిలబడి, ఎందుకో మా వైపు తిరిగాడు. తెరమీది ముఖం వచ్చి ఆయన ముఖం మీద పడింది. కన్ను మీద కన్ను, మీసం మీద మీసం. ఏది బొమ్మో ఏది మనిషో కాసేపు నాకు తెలియలేదు. అంతకాలం ఆయన మాలో ఎవరికీ సరిగా ముఖం చూపించలేదు, అదే మొదటిసారి. నస్రీన్ నా చెయ్యి పట్టుకుంది. "నేను ఆయన్ని చూసి గీయలేదన్నా, ఒట్టు," అంది గుసగుసగా.

కాకా తెర వైపు తిరిగి, ఆ చెంప మీద అరచెయ్యి పెట్టాడు. "నాయిన," అన్నాడు. అంత మెల్లగా అన్నా అందరికీ వినబడింది.

తర్వాత మూలనుంచి ఒక గొంగడి తెచ్చి తాడు మీదుగా వేసి, ఆ ముఖం మీదికి లాగాడు. నల్ల ఉన్ని వెలుతురునంతా మింగేసింది. ముఖం పోయింది. గొంగడి నడుమ భాగం ఒకసారి కొద్దిగా ముందుకొచ్చి వెనక్కి పోయింది, కింద ఎవరో ఊపిరి వదిలినట్టు. గాలికి అనుకుందామంటే గాలి ఏది? ఫ్యాన్లు మేమే ఆపాం.

గోదాంలో నేల మట్టిదే. కాకా వంగి పిడికెడు మట్టి తీసి గొంగడి కింద వేశాడు. మళ్లీ వేశాడు. మూడోసారీ వేసి పక్కకు జరిగి నిలబడ్డాడు. అప్పుడు జరిగింది ఇప్పటికీ నాకు నమ్మశక్యంగా లేదు. ముందువరుసలో రవీందర్ లేచాడు. నెలల తరబడి ముఖం కోసం అరిచినవాడు, వంగి మట్టి తీసి వేశాడు. వాడి వెనకాల ఇంకొకరు, ఆ వెనకాల ఇంకొకరు. ఎవరూ ఎవరికీ చెప్పలేదు. మా దగ్గర ఒకరు మట్టి వేస్తే వెనకున్నవాళ్లు వరుస కట్టడం పుట్టుకతో వచ్చిన అలవాటు, ఎవరి మీద వేస్తున్నామని అడగం. అట్లా బొమ్మల సినిమా చూడ్డానికి వచ్చి అందరం ఒక మనిషికి మట్టి ఇచ్చేశాం. నస్రీన్ కూడా వేసింది. "మా దాంట్ల గూడ మూడు పిడికిళ్లే అన్నా," అంది తర్వాత. నా వంతు వచ్చినప్పుడు నేనూ మూడు పిడికిళ్లు వేశాను.

షట్టరు ఎత్తేసరికి ఎండ కండ్లలో గుచ్చింది. ముఖం వద్దు, ముఖం కావాలి అనే మాట ఆ రోజు నుంచి మా గ్రూపులో రాలేదు. నస్రీన్ సినిమా చివర గొంగడి కప్పడం కలిపింది. చూసినవాళ్లకు అది ఏ వర్షనో తెలియదు, తెలియనక్కర్లేదు.

మర్నాడు కాకా నా షాపుకొచ్చాడు. "అవ్వ తానికి పోవాలె. నువ్వు గూడ రా బిడ్డా. నేనొక్కన్నే చెప్తే నమ్మది." వెళ్లాను.

బిజినేపల్లి దగ్గర ఊరు. అవ్వ అరుగు మీద చేటలో పల్లికాయలు ఒలుస్తోంది. వంగిన నడుము, చేతినిండా ఆకుపచ్చ గాజులు, నుదుటి మీద రూపాయంత బొట్టు. కాకా ఆమె కాళ్ల దగ్గర కూచున్నాడు.

"అవ్వా. నాయిన ముఖం సూసిన."

గాజుల చప్పుడు ఆగిపోయింది. ఎక్కడ చూశావు, ఎట్లా చూశావు అని అడుగుతుందనుకున్నాను. ఏం చెప్పాలో దారిపొడుగునా అనుకుంటూ వచ్చాను కూడా. ఆమె అది అడగలేదు. నా వైపు తిరిగింది.

"నువ్వు గూడ సూసినవా బిడ్డా?"

"సూసిన అవ్వా," అన్నాను. చూసిన మాట నిజమే.

"తల నెరిసిందా?"

"నెరిసింది."

"సగం నెరిసిందా, అంతనా?"

"అంత నెరిసింది అవ్వా. మీసం గూడ."

ఆమె చెయ్యి చాపి కాకా గడ్డం పట్టుకుంది. ఎవరికీ ముఖమివ్వని మనిషి చిన్నపిల్లాడిలా ఇచ్చేశాడు. వెలుతురు వైపు తిప్పి చాలాసేపు చూసింది. మొగుడు బతికి ఉండి కూడా ఇంటికెందుకు రాలేదని ఇప్పుడడుగుతుందని నేను నేల చూపులు చూశాను. కాకా కండ్లు మూసుకున్నాడు.

"ముసలోడైనంకనే పోయిండన్నట్టు," అంది అవ్వ. గొంతులో ఏడుపు లేదు, తేలికపడినట్టుంది. "లారీ ఎక్కిన ఏడే సచ్చిండనుకుంటి నేను. పడుసోడు, ఎవ్వలు లేని తావుల, ఎట్ల పోయిండో అనుకుంటి. నయం. మస్తు ఏండ్లే బతికిండు."

చేట పక్కన పెట్టి, కొంగు కొస నీళ్లలో తడిపి, బొట్టు తుడుచుకుంది. తుడిచిన చోట చర్మం తెల్లగా, లేతగా, ఎవరిదో వయసులో ఉన్న మనిషి నుదురులా ఉంది.

"లే బిడ్డా, పొయ్యి మీద నీళ్లు పెట్టు," అంది కాకాతో. "మీ నాయిన పోయిండు. నేను తానం చెయ్యాలె."